చేతిపని - చదువు: ఇంజన్ ముక్కుకు చలువ పందిరి

ఈసారి మన శీర్షికకు ఒకే కవరులో రెండు ఉత్తరాలు వచ్చాయి. మొదటిది బెంగళూరులో ఇంజనీరింగు చదువుతున్న ఒక కుర్రవాడిది. ఇంట్లో ఉన్న పెట్రోలు కారుకు కంపెనీవారు ఇచ్చిన ఎయిర్ ఫిల్టరు పెట్టెను తీసేసి, శంకువు ఆకారంలో ఉండే ఓపెన్ ఫిల్టరు బిగించాడట. అది బానెట్ కింది వేడిగాలిని పీలుస్తోందని, ఇంజన్‌కూ ఫిల్టరుకూ మధ్య తన చేత్తోనే ఒక అడ్డు తయారుచేసి పెట్టాలని ఉందని, దానికి ఏ వస్తువు మంచిదో చెప్పమని అడిగాడు. రెండో చీటీ వాళ్ల నాన్నగారిది: "మావాడు రోజుకో వస్తువు మోసుకొస్తున్నాడు. నిన్న నూనె డబ్బా రేకు, ఇవాళ థర్మోకోలు. బండి తగలబడదు కదా?"

కొడుకు అడిగిన ప్రశ్న, ఏ వస్తువు వేడిని బాగా ఆపుతుంది అని. తండ్రి అడిగినది, వేడి మితిమీరితే ఆ వస్తువు ఏమవుతుంది అని. మా ఉద్దేశంలో మొదట తేల్చుకోవలసినది తండ్రిగారి ప్రశ్నే. దానికి జవాబు దొరికితే కొడుకు ప్రశ్నకు జవాబు దానంతటదే తేలిపోతుంది. ఎలాగో చూద్దాం.

అడ్డు ఎందుకు?

ఇంజన్ కూడా మనలాగే ఊపిరి తీస్తుంది. వేడెక్కిన గాలి వ్యాకోచిస్తుంది కనుక అదే సిలిండరులో తక్కువ గాలి పడుతుంది. 30 డిగ్రీల గాలికి బదులు 60 డిగ్రీల గాలి పీలిస్తే లోపలికి వెళ్లే గాలి నూటికి 9 పాళ్లు తగ్గుతుంది. ఇది ఎంతో తెలియాలంటే ఒక పోలిక చెబుతాము. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. ఆ ఎత్తు వల్ల అక్కడి గాలి ఒత్తిడి చెన్నైలో కంటే దాదాపు పదోవంతు తక్కువ. అంటే సముద్రం పక్కన నడిచే కారు కూడా బానెట్ కింది వేడిగాలి పీలిస్తే, ఉన్నచోట ఉండగానే బెంగళూరు కొండెక్కినట్టు లెక్క.

గాలి తగ్గితే శక్తి తగ్గుతుంది. పైగా వేడిగాలి వల్ల పెట్రోలు ఇంజన్‌లో 'నాకింగ్' అనే టకటక చప్పుడు వచ్చే అవకాశం పెరుగుతుంది. ఈనాటి కార్లలోని కంప్యూటరు అది పసిగట్టి స్పార్కును కాస్త ఆలస్యం చేస్తుంది, దానితో శక్తి ఇంకొంచెం తగ్గుతుంది. అయితే ఒక్క మాట. గాలి తగ్గినప్పుడు కంప్యూటరు పెట్రోలు కూడా ఆ మేరకు తగ్గించి పోస్తుంది. కనుక ఈ అడ్డు పెట్టినందువల్ల మైలేజీ పెరిగిపోతుందని ఆశ పెట్టుకోవద్దు. లాభం ఏదైనా ఉంటే అది ఎత్తు ఎక్కేటప్పుడు, ఒక్కసారిగా వేగం అందుకోవలసినప్పుడు తెలియాలి.

వేడి వచ్చే దారులు

వేడి ఒకచోటి నుంచి ఇంకోచోటికి మూడు దారుల్లో వెళుతుంది. ఈ మూడూ మన వంటింట్లోనే ఉన్నాయి. పులుసులో పెట్టిన గరిట కాడ కాలడం మొదటిది. పొయ్యి పైనున్న గాలి వేడెక్కి పైకి లేవడం రెండోది. నిప్పుల ముందు కూర్చుంటే మొహానికి తగిలే సెగ మూడోది. సెగకు మధ్యలో గాలి కూడా అక్కరలేదు. సూర్యుడి వేడి మనకు చేరేది ఆ దారినే.

ఇంజన్‌లోంచి పొగ బయటికి వచ్చే ఎగ్జాస్టు మానిఫోల్డు, బండి గట్టిగా లాగుతున్నప్పుడు కొన్ని వందల డిగ్రీల వేడికి చేరుతుంది. అంత వేడిలో అన్నిటికంటే పెద్ద శత్రువు సెగే. ఎందుకంటే సెగ వేడితోపాటు మామూలుగా పెరగదు, ఎగబాకుతుంది. మానిఫోల్డు 300 డిగ్రీల నుంచి 450 డిగ్రీలకు వెళితే, అంకె ఒకటిన్నర రెట్లే అయినా సెగ రెండున్నర రెట్లవుతుంది.

సెగను ఆపే ఉపాయం కూడా మన ఇళ్లలో ఉన్నదే. కాఫీ పోసుకునే గాజు ఫ్లాస్కు లోపల అద్దంలా మెరుస్తుంది కదా. దాని మూలరూపాన్ని స్కాట్లండ్‌కు చెందిన శాస్త్రజ్ఞుడు జేమ్స్ డీవార్ 1892లో తయారుచేశాడు. రెండు గోడల మధ్య గాలి తీసేసి, గోడలకు వెండిపూత పూశాడు. గాలి లేకపోవడం మొదటి రెండు దారులనూ మూసేస్తే, మెరుపు మూడో దారిని మూసేస్తుంది. మన రేకులో గాలి తీసేయలేము గాని, మెరుపు మాత్రం మన చేతిలోనే ఉంది.

పిల్లలకు ఇది చూపించాలంటే పెద్దవాళ్లు దగ్గరుండి ఒక చిన్న ప్రయోగం చేయించవచ్చు. వేడెక్కిన ఇస్త్రీపెట్టెను నిలబెట్టి, బెత్తెడు దూరంలో అరచేయి ఉంచితే సెగ తెలుస్తుంది. మధ్యలో ఒక పాత శుభలేఖ అట్టను, ఇస్త్రీపెట్టె వైపు నల్ల కాగితం అంటించి అడ్డుపెట్టండి. సెగ వెంటనే తగ్గుతుంది గాని, రెండు నిమిషాలకు అట్టే వేడెక్కి చేతికి తెలుస్తుంది. అదే అట్టకు వంటింటి అల్యూమినియం ఫాయిల్ చుట్టి పెట్టి చూడండి, తేడా చెప్పనక్కరలేదు.

ఒక్కొక్క వస్తువే చూద్దాం

థర్మోకోలు: వేడిని బాగా ఆపే వస్తువుల్లో ఒకటి. ఐస్‌పెట్టెలు చేసేది దానితోనే. కాని 100 డిగ్రీల దగ్గరలోనే మెత్తబడి కుంచించుకుపోతుంది, నిప్పు అంటుకుంటే నల్లటి పొగతో మండుతుంది. తండ్రిగారి ప్రశ్నతో చూస్తే ఇది మొదటి మెట్టులోనే తప్పిపోయింది. 'వేడిని ఆపడం' ఒకటే చూస్తే మోసపోతామని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

ప్లాస్టిక్ షీటు: బోర్డులకు వాడే అక్రిలిక్, పెట్టెలు చేసే ఏ.బి.ఎస్. రెండూ 100 డిగ్రీలు దాటేసరికి వంగిపోతాయి. పాలికార్బొనేటు సుమారు 145 డిగ్రీల వరకు నిలబడుతుంది. "కంపెనీ పెట్టె కూడా ప్లాస్టిక్కే కదా?" అని అడగవచ్చు. నిజమే, కాని అది బానెట్ కింద ఉండడానికని ఎంచిన రకం, మానిఫోల్డుకు దూరంగా ఉండేలా చోటు చూసి అమర్చినది. మన బజారు షీటుకు ఆ రెండు భాగ్యాలూ లేవు.

ప్లైవుడ్, అట్ట, గోనె: రోజూ కాగి కాగి మాడే వస్తువులు. ఆయిల్ చుక్క పడితే వత్తిలా పీల్చుకుంటాయి. నమూనా కోసుకోవడానికి అట్ట బంగారం. బండిలో ఉండిపోవడానికి మాత్రం కాదు.

ఆస్బెస్టాస్: పాత షెడ్డులో ముక్క ఉంది, వేడికి చెక్కుచెదరదు అని కొందరు పెద్దలు సలహా ఇస్తారు. వేడికి చెదరని మాట వాస్తవమే. కాని కోసినా, గీకినా లేచే ఆ సన్నని పీచు ఊపిరితిత్తుల్లో చేరితే, ఎన్నో ఏళ్ల తరువాత క్యాన్సరుగా బయటపడవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సరు పరిశోధన విభాగం దీన్ని మనుషులకు క్యాన్సరు కలిగించే వస్తువుల మొదటి వర్గంలో చేర్చింది. ఇంట్లో ముట్టుకోనే వద్దు.

నూనె డబ్బా రేకు: 15 కిలోల డబ్బా కోస్తే ఖర్చు లేని రేకు వస్తుంది, మండదు. కాని మరీ పలచన. ఇంజన్ అదురుకు గలగలమని మోగుతూ, బోల్టు రంధ్రాల దగ్గర కొన్నాళ్లకు చిరుగుతుంది. పైనున్న తగరపు పూత 232 డిగ్రీలకే కరుగుతుంది. చేయి తిరగడానికి దీనిమీద సాధన చేయండి, అంతవరకే.

జి.ఐ. రేకు: చవక, గట్టిది, ఎక్కడైనా దొరుకుతుంది. బరువు ఎక్కువ, కోసిన అంచుల దగ్గర తుప్పు మొదలవుతుంది. ఒక హెచ్చరిక: దీనికి వెల్డింగు పెట్టవద్దు. జింకు కాలి వచ్చే తెల్లపొగ పీలిస్తే చలిజ్వరం లాంటిది వస్తుంది. రివిట్లతోనో బోల్టులతోనో సరిపెట్టుకోవాలి.

స్టెయిన్‌లెస్ స్టీలు: వేడికి భయం లేదు, తుప్పు తక్కువ. స్టీలు గిన్నెల అడుగున రాగి ఎందుకు తాపడం చేస్తారో గృహిణులకు తెలుసు. స్టీలు వేడిని సరిగా వ్యాపింపనివ్వదు. ఆ గుణం ఇక్కడ మనకు మంచిదే. కాని ఇంట్లో కోయడం, వంచడం కష్టం. అల్యూమినియంకు మూడు రెట్ల బరువు.

అల్యూమినియం రేకు: "అల్యూమినియం వేడిని ఇట్టే లాక్కుంటుంది కదా, అది అడ్డుగా ఎలా పనికొస్తుంది?" అని కుర్రవాడు ఉత్తరంలో సందేహపడ్డాడు. మంచి సందేహమే. స్టీలుకంటే అల్యూమినియం పది పదిహేను రెట్లు బాగా వేడిని ప్రసరింపజేస్తుంది. కాని మిల్లీమీటరు మందం రేకులో ఆ తేడా లెక్కలోకి రాదు. అంత పలచని రేకు ఏ లోహమైనా అవతలికి వేడిని పంపేస్తుంది. మనకు పనిచేసేది రేకు మందం కాదు, రేకు మెరుపు. మెరుస్తున్న అల్యూమినియం తన మీద పడిన సెగలో నూటికి 90 పాళ్లకు పైగా వెనక్కి కొట్టేస్తుంది. తాను వేడెక్కినా అవతలివైపు సెగ తక్కువే చిమ్ముతుంది. 660 డిగ్రీల వరకు కరగదు, మండదు, తేలిక. అయితే 200 డిగ్రీలు దాటాక బలం తగ్గుతుంది కనుక మానిఫోల్డుకు మరీ ఆనించి పెట్టకూడదు.

తేలినదేమిటంటే, అడ్డుకూ మానిఫోల్డుకూ మధ్య కనీసం బెత్తెడు దూరం దొరికే చోట 18 గేజి, అంటే సుమారు 1.2 మిల్లీమీటర్ల, అల్యూమినియం రేకు. అంత దూరం దొరకని చోట స్టెయిన్‌లెస్ స్టీలు. మిగతావన్నీ పక్కన పెట్టవచ్చు. అడుగు వెడల్పు, అడుగున్నర పొడవు అల్యూమినియం రేకు అరకిలో కూడా తూగదు.

రంగు వేసే ముందు ఆలోచించండి

చాలామంది కష్టపడి రేకు చేసి, అందం కోసం నల్లరంగు కొట్టిస్తారు. నల్లరంగు సెగను నూటికి 90 పాళ్లు మింగేస్తుంది. చేసిన పనంతా ఒక్క పూతతో సగానికి సగం పోయినట్టే. రెండువైపులా మెరుపు అలాగే ఉంచండి. ఏడాదికి రెండుసార్లు మెత్తని గుడ్డతో తుడిస్తే చాలు.

మెరుపు తరువాతది ఖాళీ. రేకుకూ ఫిల్టరుకూ మధ్య రెండు వేళ్ల సందు ఉండాలి. సందులోంచి వేడిగాలి దూరకుండా, రేకు పై అంచుకు కారు తలుపులకు వాడే రబ్బరు బీడింగు తొడిగి, బానెట్ మూసినప్పుడు అది మెత్తగా ఆనేటట్టు చూడాలి. ముందు గ్రిల్లు వైపు మాత్రం తెరిచి ఉంచాలి. బయటిగాలి వచ్చే దారి లేకుండా ఎంత మంచి రేకు కట్టినా, తలుపులు మూసి విసనకర్ర విసురుకున్నట్టే ఉంటుంది.

చేసే పద్ధతి

ఇంజన్ పూర్తిగా చల్లారాక, మొదట అట్టతో నమూనా కోసి చోట్లో పెట్టి చూడండి. బానెట్ మూసి తెరిచి, దేనికీ తగలడం లేదని తేలాకే రేకు మీద గీయండి. బజారులో మెత్తని రకం, గట్టి రకం రెండూ ఉంటాయి. గట్టి మిశ్రమలోహాన్ని సూటిగా మడిస్తే మడత దగ్గర పగులుతుంది. చేత్తో వంచేవారు మెత్తనిదే అడగాలి. రేకు కత్తెరతో కోశాక అంచులన్నీ ఆకురాయితో రాయండి. ఆ అంచు చేతినే కాదు, వైర్ల తొడుగునూ కోస్తుంది. బిగించడానికి కారులో ముందే ఉన్న బోల్టులను వాడుకోండి, బాడీకి కొత్తగా రంధ్రాలు వేయవద్దు. అదురుకు వదులు కాకుండా స్ప్రింగు వాషర్లు వేయండి.

ఇక్కడ అల్యూమినియంకు ఉన్న ఒక దోషం చెప్పాలి. అది కరెంటును కూడా బాగా ప్రసరింపజేస్తుంది. చాలా చిన్నకార్లలో ఫిల్టరు పక్కనే బ్యాటరీ ఉంటుంది. వదులైన రేకు బ్యాటరీ పాజిటివ్ కొనకు తగిలితే క్షణంలో నిప్పురవ్వలు లేస్తాయి. కనుక పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ తీగ విప్పండి, పని అయ్యాక పాజిటివ్ కొనకు రబ్బరు టోపీ ఉందో లేదో చూడండి, రేకు ఒక బోల్టు ఊడినా అటు వాలకుండా బిగించండి. ఫ్యాను, బెల్టు వైపూ అంతే. కంపెనీవారు మానిఫోల్డు మీద అమర్చిన రేకు కవచాన్ని మాత్రం ఏ కారణంతోనూ విప్పవద్దు.

మన ఊళ్ల సంగతి

సామాను కొనడానికి వెళితే మాట ఒక చిక్కు. మనం రేకు అనేదాన్ని బెంగళూరు దుకాణంలో తగడు అంటారు, చెన్నైలో తగరం అంటారు, ముంబయిలో పత్రా అంటారు. చెన్నై తగరం అంటే మన తగరం ఒక్కటే కాదు సుమా, అక్కడ ఆ మాటను రేకుకు కూడా వాడతారు. కనుక లోహం పేరు, గేజి విడిగా చెప్పి అడగండి. బెంగళూరు జె.సి. రోడ్డు, చెన్నై జి.పి. రోడ్డు బండి సామానుకు పేరుబడ్డవి. బీడింగు, క్లాంపులు అక్కడ దొరుకుతాయి.

చెన్నై, ముంబయి, యానాం, బరంపురం వంటి చోట్ల ఉండేవారికి ఉప్పుగాలి ఇంకో పరీక్ష. అల్యూమినియం రేకును స్టీలు బోల్టుతో బిగిస్తే, ఉప్పుతేమ చేరినప్పుడు ఆ రెండు లోహాల జంట చిన్న బ్యాటరీలా పనిచేసి బోల్టు చుట్టూ అల్యూమినియం తెల్లపొడిగా తినేయబడుతుంది. మధ్యలో రబ్బరు వాషరు వేస్తే చాలావరకు తప్పుతుంది. వానాకాలం ముందు ఒకసారి, తరువాత ఒకసారి విప్పి చూడండి.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం వేడిది కాదు, నీటిది. చల్లని గాలి కోసమని కొందరు ఫిల్టరును గానీ గొట్టాన్ని గానీ బంపరు కిందికి దింపుతారు. 2005 జూలైలో ముంబయి, 2015 డిసెంబరులో చెన్నై ఎలా మునిగాయో మన కుటుంబాలకు వేరే చెప్పనక్కరలేదు. గాలిని నొక్కితే నలుగుతుంది, నీటిని నొక్కితే నలగదు. నడుస్తున్న ఇంజన్ గుక్కెడు నీళ్లు మింగితే కనెక్టింగు రాడ్లు వంగిపోతాయి. ఆ నష్టానికి మామూలు ఇన్సూరెన్సు సాధారణంగా పరిహారం ఇవ్వదు, ఇంజన్ ప్రొటెక్షన్ అనే అదనపు పాలసీ వేరుగా తీసుకోవాలి. కనుక ఫిల్టరు ఎత్తు తగ్గించవద్దు. రేకు అడుగున నీరు కారిపోవడానికి ఒక రంధ్రం ఉంచండి.

అసలు అవసరమా?

ఇప్పుడు తండ్రిగారికి. కంపెనీ ఇచ్చిన మూతపెట్టె చాలా కార్లలో గాలిని గ్రిల్లు దగ్గరనుంచో, ముందు మడ్‌గార్డు లోపలినుంచో తెచ్చుకుంటుంది. అంటే ఆ పెట్టే ఒక చలువ పందిరి. దాన్ని తీసేసినందువల్లే ఇప్పుడు రేకు అవసరం పడింది. పాత పెట్టెను పారేయకుండా అటకమీద దాచండి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదంటుంది. 2019లో సుప్రీంకోర్టు ఆ మాటను గట్టిగా చెప్పింది. ఒక రేకు ముక్క బిగించడం వేరు, కంపెనీ పెట్టెనే తీసేయడం వేరు. రెండోదానికి వారంటీ దగ్గర గానీ, తనిఖీలో గానీ ప్రశ్న రావచ్చు. ముందే కనుక్కోవడం మేలు.

ఇక కుర్రవాడికి. నిజంగా లాభం వచ్చిందో లేదో చెవితో, మనసుతో కాక అంకెతో తేల్చు నాయనా. ఇటీవలి కార్లలో స్టీరింగు కింద ఉండే ఓ.బి.డి. సాకెట్టుకు చిన్న పరికరం తగిలిస్తే, లోపలికి వెళ్లే గాలి ఎన్ని డిగ్రీలుందో చాలా కార్లలో ఫోనులోనే కనిపిస్తుంది. అదే రోడ్డు, అదే వేళ, అదే వేగం పెట్టుకుని మూడు రోజులు రేకు లేకుండా, మూడు రోజులు రేకుతో రాసుకో. ఆగి ఉన్న ట్రాఫిక్కులో ఏ రేకు పెట్టినా గాలి వేడెక్కుతుంది, అది చూసి నిరుత్సాహపడకు. బండి కదులుతున్నప్పటి అంకె బయటి గాలికి ఎంత దగ్గరగా వచ్చిందో అదే నీ రేకుకు వచ్చిన మార్కు. ఆ కాగితం నాన్నగారికి కూడా చూపించు. తేడా రాకపోతే పాత పెట్టె తిరిగి బిగించడంలో చిన్నతనం ఏమీ లేదు.

రేకు బిగించినవారు మొదటి 100 కిలోమీటర్ల తరువాత ఇంజన్ చల్లార్చి, ప్రతి బోల్టునూ ఒకసారి బిగించి చూసుకోవలసినది. మీ కొలతలు, అంకెలు రాసి పంపితే వచ్చే సంచికలో అందరితో పంచుకుందాం.